రత్నమాల సెంటు

"చేతులు చాపు," అన్నది శోభ.

ఉమారాణి చాపింది. దుకాణం మెట్ల మీద శోభ, మెట్ల కింద ఉమారాణి. వెనక నార్కట్‌పల్లి చౌరస్తా. చాయ హోటల్ కాడ నిలబడ్డోళ్ళు, ఆటోలోళ్ళు, హైదరాబాద్ బస్సు కోసం చూసేటోళ్ళు, అందరు ఇటే చూస్తున్నరు. చూడకేం జేస్తరు? పొద్దుపొద్దుగాల ఒక ఆడిమనిషిని బజార్ల నిలబెట్టి సెంటు చల్లుతుంటె ఎవరన్న చూస్తరు.

శోభ అరచేతిల నాలుగు చుక్కలు వంపుకున్నది. ఉమారాణి ఒంటికి తన చెయ్యి తాకనియ్యదు, ఏళ్ళతోని చిలకరిస్తది. మెడ మీద, రైక చేతుల మీద, జడ మీద. ఆ తర్వాత మొఖం ముందుకు పెట్టి, మూతి ఒక పక్కకు గుంజి వాసన చూస్తది. అంగట్ల బర్రెను బేరం చేసేటోడు గూడ అంత మొఖం పెట్టడు.

"ఇంకా వస్తుంది ఉమా. కొంగు ఇటియ్యి. నిజం చెప్పు, ఈ చీర ఎక్కడ ఆరేసినవ్?"

"దండెం మీదనే అమ్మా."

"దండెం గొర్రెల దొడ్డి పక్కనే ఉంటుంది కదా. అదే నేను చెప్పేది."

కొంగు మీద ఇంకిన్ని చుక్కలు పడ్డయ్. శోభ తడి చేతులు ఒకదానికొకటి రుద్దుకొని లోపలికి పోయింది. అవే చేతులతోని ఊదుబత్తి ముట్టిచ్చి, లక్ష్మీదేవి పటానికి దండం పెట్టి, మెడల పుస్తెలు పట్టి కండ్లకు అద్దుకున్నది. ఉమారాణి అది చూసింది. రోజూ చూస్తనే ఉన్నది.

గిదంత ఎట్ల మొదలైందంటె, మొన్న పెండ్లిళ్ళ గిరాకిల హైదరాబాద్ కెల్లి సూర్యాపేట పోయే కారొకటి దుకాణం ముందట ఆగింది. అండ్లకెల్లి దిగిన పిల్ల చీరలు చూసుకుంట చూసుకుంట ఉమారాణి దిక్కు తిరిగి ముక్కు మూసుకున్నది. "మమ్మీ, ఏదో గొర్రె స్మెల్" అన్నది. వాళ్ళు ఏం కొనకుంట ఎల్లిపోయిండ్రు. తెల్లారి శోభ ముచ్చట తేల్చి చెప్పింది. రోజు పొద్దుగాల సెంటు చల్లిచ్చుకోవాలె. ఇష్టం లేకుంటె చీరల కౌంటర్ ఇడిచిపెట్టి పోవాలె, ఆ జాగకు ఇంకో పిల్లను చూసుకుంటం.

చీరల కౌంటర్ అంటె ఉమారాణికి పాణం. పత్తి ఏరింది, మిరపకాయ తెంపింది, ఉపాధి పనిల మట్టి మోసింది. ఆ పనులల్ల ఎవరూ ఆమె దిక్కు నిలబడి చూసింది లేదు. ఈడ చూస్తరు. పట్టుచీర మడత ఇప్పి, ఒక్క ఊపు ఊపి పరుపు మీద పరిచి, కొంగు అంచు తీసి తన భుజం మీద ఏసుకొని అటు ఇటు తిరిగితె, ఊర్లకెల్లి వచ్చిన ఆడోళ్ళు చాయ తాగుడు గూడ మర్చిపోయి చూస్తరు. తిరిగి మడత పెడితె కొత్త చీర లెక్కనే ఉంటది. గాజుల కౌంటర్ల ఉండే రమ గూడ, "అక్కా, నీ చేతిల చీర పడితె సగం అమ్ముడుపోయినట్టే" అంటది. ఆ మాట కోసమే ఉమారాణి చేతులు చాపుతున్నది.

వాసన లేదని కాదు. ఉంటది. పొద్దుగాల లేస్తె దొడ్డి ఊడ్వాలె, పెంట ఎత్తాలె, పిల్లలను తల్లుల కింద ఇడువాలె. ఎంత తోముకున్నా ఎంట్రుకలల్ల ఇంత మిగుల్తది. బస్సుల ఎవరూ ముక్కు మూసుకోరు, బస్సుల ఎక్కినోళ్ళందరి దగ్గర ఏదో ఒక పని వాసన ఉంటది. మరి ఊర్ల యాట కోసినప్పుడల్ల శోభ పెనిమిటి పరమేష్ సేటు ఇంటికి కూర పోయేది ఆ దొడ్లకెల్లే గదా. కూరకు లేని వాసన కూర తెచ్చిన మనిషికి ఎక్కడికెల్లి వచ్చింది?

సరే, సెంటు చల్లుతె చల్లిరి. ఏ సెంటు చల్లిండ్రు? గది అడగాలె. చిటికెన ఏలంత సీస, లోపల ఆకుపచ్చ నీళ్ళు, డబ్బ మీద మల్లెపూల జడ ముందరికేసుకున్న ఆడిమనిషి బొమ్మ. రత్నమాల. ఒకప్పుడు రత్నమాల స్నో ఉండేది, రత్నమాల పౌడరు, కాటుక, తిలకం, అన్ని ఉండేటియి. పరమేష్ సేటు వాళ్ళ నాయిన ఆ సరుకుతోనే దుకాణం పెట్టిండు. ఒకటెనక ఒకటి బందైనయ్. కడకు కంపెనీనే మూతపడ్డది. సెంటొక్కటే బతికింది. ఇప్పుడు దాన్ని ఎవరు చేస్తున్నరో, ఏ ఊర్ల చేస్తున్నరో, సీస మీద అక్షరాలు చదువరావు. గల్లపెట్టె కింది అరల మాత్రం డబ్బాలకు డబ్బాలు ఉంటయ్.

కొనేటోళ్ళు ఉన్నరు గనుకనే ఉంటయ్. వాళ్ళు లోపలికి రారు, చెప్పులు ఇడువరు, కూసోమంటె కూసోరు. గడపల నిలబడి ఇంత తెల్లబట్ట చింపిచ్చుకొని, ఒక రత్నమాల సీస తీసుకొని, ఇంజను బంద్ చెయ్యని ఆటో ఎక్కి పోతరు. ఈ చుట్టుపక్కల ఏ ఊర్లనన్న మనిషి పోతె, తానం పోసి, కొత్తబట్ట కప్పి, పాడె మీద పండవెట్టి చల్లేది ఆ సెంటే.

శోభ హైదరాబాద్ పిల్ల, ఆమెకు ఎరుక లేదు. సేటు రోజు నూటొక్క సరుకు అమ్ముతడు, ఏ సీస ఎందుకు పోతదో ఆయన గూడ పట్టిచ్చుకోడు కావొచ్చు. ఉమారాణి అట్లనే అనుకున్నది. తెల్వక చేసేటోళ్ళ కాడ చేతులు చాపుడు కొంచెం అల్కగుంటది.

*

కట్టంగూర్ దాటినంక రోడ్డు మీదనే వాళ్ళ ఊరి స్టేజి. దిగంగనే బోరింగు. ఉమారాణి రోజు సాయంత్రం ఆడ మెడ, చేతులు తోముకొని, కొంగు పిండుకొని ఇంటికి పోయేది. ఇంట్ల తెల్వొద్దని. ఆనాడు బోరింగు కొడితె ఉత్త గాలొచ్చింది. గొలుసు తెగిందట. ఇగ ఏం జేస్తది, అట్లనే పోయింది.

ఎండకాలం, మేత లేదు. మామ యాదయ్య, పెనిమిటి వెంకటేశ్ మందను తోలుకొని కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డుకు పోయిండ్రు. సూడి గొర్లు, సంటిపిల్లల తల్లులు ఇంటికాడనే ఉన్నయ్. వాటిని చూసేది అత్త గోపమ్మ. ఆ పొద్దు గోపమ్మ మేతకు చెట్ల మండ కొట్టుకరాను పోయింది. ఉమారాణి దొడ్డి తడిక తీసేసరికి, బొల్లి మొఖం గొర్రె ముండ్ల కంప పక్కన ఈనుతున్నది.

తొలిసూరు గొర్రె. దానికేం తెలుసు? పిల్ల సగం బయటికొచ్చి కంపల ఇరుక్కున్నది. మూతి మీద పొర అట్లనే ఉన్నది, ఊపిరాడుతలేదు. ఉమారాణి సంచి ఆడనే పారేసి ఉరికింది. ముందటి కాళ్ళు పట్టి మెల్లగ గుంజింది. ఏళ్ళతోని పొర తీసి, కొంగుతోని ముక్కు తుడిచి, ఒళ్ళంత గట్టిగ రుద్దింది. పిల్ల తుమ్మింది. ఇంకోసారి తుమ్మి, సన్నగ అర్సింది. ఉమారాణి దాన్ని రొమ్ముకు ఒత్తుకొని, తీస్కపోయి తల్లి ముందట పెట్టింది.

బొల్లిది మూతి వంచింది. నాకుతదనుకుంటె, ముక్కు పిల్లకు తాకంగనే తల ఎనుకకు గుంజుకున్నది. బుస్సుమన్నది. పిల్ల కాళ్ళు వణుకుకుంట లేచి పొదుగు దిక్కు పోతె, తలతోని ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల ఎల్లెలకల పడ్డది. మళ్ళ లేచింది, మళ్ళ కుమ్మింది. ఉమారాణికి అర్థమైతలేదు. తన కొంగు తన ముక్కుకు సోకినప్పుడు అర్థమైంది.

తడిక కాడ గోపమ్మ మండల మోపు దించింది. ఇంక పిల్లను చూడనే లేదు.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?" అన్నది.

"ఎవరు పోలేదత్తా."

"మరి గీ వాసనేంది? సావుకాడికి పోయినోళ్ళు తానం చెయ్యకుంట దొడ్లకెట్ల వస్తరు? సంటిపిల్లల తల్లులున్నయని ఎరుక లేదా?"

ఉమారాణి చెప్పింది. మెట్లు, చేతులు చాపుడు, కొంగు, చౌరస్తాల చూసేటోళ్ళు, అంత చెప్పింది. గోపమ్మ మోపు మీద కూసోని ఇన్నది. ఆమె మొఖం ఎన్నడూ మాట దాచదు. రోత, కోపం రెండూ ఒక్కసారే వచ్చినయ్. పక్కకు తిరిగి ఉమ్మింది.

"బతికున్న మనిషి మీద పీనుగ సెంటు చల్లుతున్నరా? పసుపు కుంకుమ ఉన్న ఆడిదాని మీద? రేపు నేనొస్త పా. ఆ మెట్ల మీదనే ఆమె జుట్టు పట్టుకుంట."

"వద్దత్తా. ఆమెకు ఎరుక లేదు."

"సేటుకో?"

"ఆయనకు గూడ ఎరుక లేదు కావొచ్చు."

గోపమ్మ కోడలి మొఖం దిక్కు చూసింది. లేచి గొర్రెను పట్టుకున్నది. పిల్లను కడిగిండ్రు. తల్లి కింద పడ్డ ఉమ్మనీళ్ళు పిల్లకు రాసిండ్రు, దాని పాలే పిండి దాని ముక్కుకు పూసిండ్రు, ఉప్పు చల్లిండ్రు. ఏం జేసినా బొల్లిది ఒల్లదు. గోపమ్మ దాన్ని గోడకు ఒత్తిపట్టి మురిపాలు గిలాసల పిండి, పిల్లకు ఏలితోని నాకిచ్చింది.

"గిట్ల ఎన్ని దినాలు తాపుతం? తల్లి ఒల్లకుంటె పిల్ల దక్కది," అన్నది. "ఎంత కడిగినా దాని ముక్కుల మొదలు పడ్డ వాసన అదే. ఇగ తల్లికి గూడ అదే రాయాలె. ముక్కుకింత, ఒంటికింత. తన వాసన, పిల్ల వాసన ఒక్కటైతె అప్పుడు రానిస్తది. తల్లి సచ్చిన పిల్లలను మనం వేరే తల్లికి అంటగట్టేది గట్లనే గదా. మనింట్ల సీస అయిపోయింది. రేపు ఒకటి పట్టుకరా."

పిల్లను గొంగడిల సుట్టి ఒళ్ళె పెట్టుకున్నది గోపమ్మ. కొంచెం సేపైనంక తనే నవ్వింది.

"నా పెండ్లికి మీ మామ నల్లగొండకు పోయి రత్నమాల తెచ్చిండు. స్నో డబ్బ, పౌడరు డబ్బ, సెంటు సీస. నేను పీటల మీద కూసుంటె పందిరంత అదే వాసన. ఊర్ల ఆడోళ్ళు కుళ్ళుకున్నరు. ఇగో, ఇప్పుడేమైంది? స్నో పాయె, పౌడరు పాయె. సెంటొక్కటి మిగిలింది, పీనుగలకు, తల్లిలేని పిల్లలకు."

*

తెల్లారి పొద్దుగాల మళ్ళ చేతులు చాపింది. మధ్యాహ్నం శోభ అన్నం తినను మీది అంతస్తుకు పోయినంక, ఉమారాణి గల్లపెట్టె కాడికి వచ్చింది. పరమేష్ సేటు ఫోన్ల ఏదో ఆట చూస్తున్నడు. మంచి సేటే. జీతం ఆపడు, తిట్టడు. ఎదురుపడితె యాదయ్య ఎట్లున్నడని అడుగుతడు.

"సేటు, ఒక రత్నమాల సీస ఇయ్యుండ్రి."

సేటు ఫోన్ మీదికెల్లి కండ్లు తియ్యలేదు. చెయ్యి కిందికి పెట్టి అరల తడిమి సీస తీసిండు.

"అయ్యో, ఎవరు పోయిండ్రు మీ ఊర్ల?" అన్నడు.

గిరాకి గడపల నిలబడంగనే అలవాటుగ అడిగేటట్టే అడిగిండు. నోట్లకెల్లి మాట జారినంకనే ఎవరిని అడిగిండో చూసుకున్నడు. సీస ఇంక ఆయన చేతిలనే ఉన్నది.

ఉమారాణి ఆయన మొఖం దిక్కు చూసింది. అత్త అడిగిన మాటనే. అత్త నోట్లకెల్లి వచ్చినప్పుడు భయమైంది. గీయిన నోట్లకెల్లి వస్తె రోతైంది, పచ్చి రోత.

"మీకు ఎరుకేనా సేటు?"

"ఏం ఎరుక?"

"గిది దేనికి కొంటరో."

"అరే, సెంటు సెంటే గదా ఉమా." నవ్విండు. "శోభ వాసనొస్తుంది వాసనొస్తుందని పాణం తీస్తుంటె, చేతికి అందింది ఇచ్చిన. గట్టి వాసన, సాయంత్రం దాంక ఉంటది. నీకేమన్న పెండ్లి చూపులా, ఇంకో సెంటు పెట్టను?"

"వేరేది చల్లమనుండ్రి. లేకుంటె నేనే ఒకటి కొనుక్కొని ఇంటికాడ రాసుకొని వస్త."

"మళ్ళ గిదంత ఎందుకు? గిప్పుడు సీస మార్చిననుకో, ఎందుకు మార్చినవంటది. ఆమెకు పట్టింపులు ఎక్కువ. దేవుళ్ళు, శకునాలు, మంగళారం, శుక్రారం. నువ్వు ఆమెతోని అనకు. పెండ్లిళ్ళు అయిపోయేదాంక ఎట్లనో గట్ల నడిపియ్యి." సీస కాయితంల సుట్టి ముందట పెట్టిండు. "ఇంతకు ఎవరు పోయిండ్రు?"

"గొర్రెపిల్లకు."

"గొర్రెపిల్ల సచ్చినా సెంటు చల్లుతరా మీరు?" అని మళ్ళ నవ్విండు. "ఆఁ, యాదయ్య వస్తె చెప్పు, మంచి యాటపోతును చూసి పెట్టుమను. పిల్లోని పుట్టినరోజు ఉన్నది. ముదురుది వద్దు, వాసనొస్తది."

ఉమారాణి కాయితం పొట్లం తీసుకొని చీరల దిక్కు పోయింది. తెల్వక చేస్తున్నరు అనుకున్నన్ని దినాలు చేతులు చాపుడు ఒక తీరు. ఇగ ఆ మాట గూడ లేకపాయె. గాజుల కాడ రమ, "ఏమైందక్కా, మొఖం గట్లైందేంది" అన్నది. "కడుపుల దేవుతాంది" అన్నది ఉమారాణి. అబద్ధం కాదు.

*

ఆ సాయంత్రం గోపమ్మ దూదిని సెంటుల ముంచింది. బొల్లిదాని తలను ఉమారాణి తన కాళ్ళ నడుమ ఒత్తిపట్టింది. గోపమ్మ దాని ముక్కు రంధ్రాల చుట్టు రాసింది, గదవకు రాసింది, పొదుగు పక్కన రాసింది. పిల్ల వీపుకు, తోక కిందికి రాసింది. గొర్రె తుమ్మింది, తల ఇదిలిచ్చింది, పెదిమె పైకి లేపి గాలి పీల్చింది. ఏది తన వాసనో, ఏది పిల్లదో దానికి తెల్వకుంట పోయింది. తెల్లారేసరికి పిల్ల తల్లి కింద దూరి తోక ఊపుకుంట తాగుతున్నది. బొల్లిది ఎనుకకు తిరిగి దాని తోక కింద నాకుతున్నది.

ఉమారాణి తడిక పట్టుకొని చాలసేపు చూసింది. దొడ్డంత రత్నమాల వాసనే. ఆ జాగల అది రోత పుట్టియ్యలేదు.

బస్సుల కూసోని మాట తయారు చేసుకున్నది. ఇయ్యాల చేతులు చాపను. అమ్మా, గీ సెంటు వద్దు, ఇంకేదన్న చల్లు అంట. ఎందుకంటె, గది పీనుగలకు చల్లేదమ్మా అని చెప్త. కట్టంగూర్ దాటినప్పుడు ఒకసారి, నార్కట్‌పల్లి వచ్చేటప్పుడు ఒకసారి లోపల అనుకున్నది. దుకాణం కాడ దిగేసరికి కంచి పట్టు కొత్త మూటలు వచ్చి ఉన్నయ్, ఇంక ఇప్పలేదు. శోభ మెట్ల మీద సీస పట్టుకొని నిలబడ్డది. "చేతులు చాపు" అనక ముందే ఉమారాణి చేతులు లేచినయ్. తన చేతులే. వాటిని చూస్తె ఆమెకే అసహ్యమైంది.

పొద్దెక్కినంక గోవిందమ్మ వచ్చింది. కట్టంగూర్ అవుతలి ఊరు, ఉమారాణికి తెలిసిన మనిషి, చిన్నమ్మ అని పిలుస్తది. బిడ్డ పెండ్లి పెట్టుకున్నది. పెండ్లిపిల్లను, ఇద్దరు వియ్యపురాండ్లను, ఇంకిద్దరు ఆడోళ్ళను ఎంటేసుకొని వచ్చింది. రాంగనే, "మా ఉమారాణి ఏది? ఆమె చూపిస్తెనే కొంటం" అన్నది. శోభ మొఖం ఎలిగిపోయింది. రమను చాయకు పంపింది, పరుపు దులిపిచ్చింది, పంక దగ్గరికి జరిపిచ్చింది.

ఉమారాణి మూట ఇప్పింది. మెంతిరంగు చీర, ఎర్ర అంచు. పెండ్లిపిల్ల దాన్ని చూడంగనే చెయ్యేసింది. ఇంకేవి చూపిచ్చినా మళ్ళ దాని మీదికే వచ్చింది.

"జర భుజం మీద ఏసుకొని చూపియ్యి బిడ్డా," అన్నది గోవిందమ్మ.

"కింద పరిచి చూపిస్త చిన్నమ్మా. అంచు మంచిగ కనిపిస్తది."

"కింద పరిస్తె ఏం తెలుస్తది? ఎప్పుడూ ఏసుకొనే చూపిస్తవు గదా."

ఎనకకెల్లి శోభ వచ్చింది. "ఏసుకో ఉమా. అడుగుతుంటే చూపియ్యవేంది?"

ఉమారాణి గల్లపెట్టె దిక్కు చూసింది. పరమేష్ సేటు ఫోన్ కింద పెట్టిండు. శోభకు కనపడకుంట తల అడ్డంగ ఊపిండు. వద్దు, ఏసుకోకు. మొదటిసారి ఆయన కండ్లల్ల బతిమాలుడు కనపడ్డది. ఒక్క చీర కోసం బతిమాలుతున్నడు. ఇన్ని దినాలు ఒక్కసారి గూడ శోభ చెయ్యి ఆపనోడు.

ఉమారాణి కొంగు తీసి భుజం మీద ఏసుకున్నది. మడతలు సరిజేసి, అటు తిరిగింది, ఇటు తిరిగింది.

గోవిందమ్మ జరీ చూడాలని కొంగు అంచు పట్టి కండ్ల దగ్గరికి తెచ్చుకున్నది. అట్లనే ఆగింది. చీర ఇడిచిపెట్టి ఉమారాణి మెడ దిక్కు వంగింది. ఆమె మొఖంల రంగు మారింది.

"గిది రత్నమాల గాదు బిడ్డా?"

"అవును చిన్నమ్మా."

"నిరుడు మా అత్త పోతె గిదే చల్లినం. గీ సేటే ఇచ్చిండు సీస. పెండ్లిబట్టల కాడ పీనుగ సెంటు రాసుకొని నిలబడ్డవేంది? నువ్వు ఎరిగిన పిల్లవే గదా."

పెండ్లిపిల్ల చీర మీదికెల్లి చెయ్యి తీసింది. వియ్యపురాండ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

"నేను రాసుకోలేదు చిన్నమ్మా," అన్నది ఉమారాణి. గొంతు మామూలుగనే ఉన్నది. "రోజు పొద్దుగాల మేడం చల్లుతది. గొర్ల వాసన పోవాలని."

గోవిందమ్మ శోభను చూసింది. శోభ మెడల పుస్తెలను చూసింది. పొగలేస్తున్న ఊదుబత్తి, పటం, అన్ని చూసింది. బిడ్డ చెయ్యి పట్టుకొని లేచింది. "నల్లగొండ పోదం పాండ్రి" అన్నది. చాయ తీసుకొని మెట్లెక్కుతున్న రమ పక్కకు జరిగి వాళ్ళకు తొవ్వ ఇచ్చింది.

పంక తిరుగుతనే ఉన్నది. శోభ గల్లపెట్టె దిక్కు తిరిగింది.

"ఏంది అది? నిజమేనా?"

"ఊరోళ్ళ ముచ్చట్లు. సెంటు సెంటే," అన్నడు పరమేష్.

"నీకు తెలుసా, తెల్వదా?"

"తెలిస్తె ఏమైతది? ఆమె మీదనే గదా చల్లమన్న. నీ మీద కాదు గదా."

శోభ తన చేతులు చూసుకున్నది. అరచేతులు తిప్పి చూసుకున్నది. పుస్తెల దాంక పోయిన చెయ్యి వాటిని ముట్టకుంట ఆగిపోయింది. గోదాం ఎనక నల్ల కాడికి ఉరికింది. నీళ్ళ సప్పుడు, సబ్బు డబ్బ కింద పడ్డ సప్పుడు వచ్చినయ్.

ఉమారాణి భుజం మీది చీర తీసింది. అంచుకు అంచు కలిపి, జరీ లోపలికి పెట్టి మడత పెట్టింది. ఆమె చేతులు పని చేస్తున్నయ్ గని మనసు నల్ల కాడనే ఉన్నది. ఇప్పుడు ఆమె వస్తది. ఏదో ఒకటి అంటది. పెద్దగ అవసరం లేదు, తెల్వక చేసిన ఉమా అంటె చాలు. పోనియ్యమ్మా అంట. అప్పుడు ఇద్దరం మర్చిపోతం. రేపటి సంది మెట్ల కింద నిలబడే పని ఉండదు. అంతే కావాలె తనకు.

శోభ వచ్చింది. మోచేతుల దాంక తడి, తోమి తోమి అరచేతులు ఎర్రబడ్డయ్. కండ్లల్ల నీళ్ళున్నయ్. చక్కగ ఉమారాణి ముందటికి వచ్చి నిలబడ్డది. రెండు చేతులు ముందుకు చాపింది.

"నా ముక్కుకు తెలుస్తలేదు ఉమా," అన్నది. "ఇన్ని రోజులు ఆ చేతులతోనే దీపం ముట్టిచ్చిన, పుస్తెలు ముట్టుకున్న, నా పిల్లోనికి అన్నం తినిపిచ్చిన. నువ్వు చూసి చెప్పు. పోయిందా?"

ఉమారాణి ఆమె మొఖం దిక్కు చూసింది. ఇంకేమన్న మాట వస్తదేమో అని ఒక్క గడియ ఆగింది. రాలేదు. చేతులు అట్లనే చాపి ఉన్నయ్, నీళ్ళు కారుతున్నయ్.

చీర పక్కన పెట్టి ఉమారాణి మెల్లగ వంగింది. సబ్బు వాసన, దాని కింద ఏదో మంచి క్రీము వాసన. సెంటు లేదు. ఏం లేదు. అయినా ఆ చేతులను చూస్తె రోతైంది. మూతి దానంతటదే ఒక పక్కకు గుంజుకున్నది.

"ఇంకా వస్తాందమ్మా," అన్నది.

శోభ మళ్ళ ఎనకకు ఉరికింది. నల్ల తిప్పిన సప్పుడైంది. ఉమారాణి ఇంకో చీర మడత అందుకున్నది.